లక్ష కట్టేముందు మీ మేనేజర్‌ని ఒక ప్రశ్న అడగండి

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 37 ఏళ్లు. పదమూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో ఐదేళ్లుగా టెస్ట్ లీడ్‌ని. మేనేజర్ పోస్టు రెండుసార్లు చేతిదాకా వచ్చి పోయింది. రెండోసారి నా దగ్గర పని నేర్చుకున్న అబ్బాయికే ఇచ్చారు. ఈమధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కెరీర్ కోచ్ ప్రకటన చూసి ఉచిత వెబినార్‌లో కూర్చున్నాను. ఆరు నెలల ప్రోగ్రామ్ లక్షా నలభై వేలట. ఆ రాత్రే కడితే తొంభై తొమ్మిది వేలు, నో కాస్ట్ ఈఎంఐ, జీతం రెట్టింపు గ్యారంటీ అన్నారు. నేను కట్టలేదు. అప్పటి నుంచి రోజూ ఫోన్లు. మావారేమో "నీకు పని రాదా ఏంటి, డబ్బులిచ్చి ఇంకొకళ్లతో చెప్పించుకోవడానికి?" అంటున్నారు. నాకు మాత్రం బయటివాళ్లెవరైనా చూస్తే తప్ప నాలో లోపమేంటో తెలియదనిపిస్తోంది. ఇద్దరు పిల్లలు, రోజూ రెండు గంటల ట్రాఫిక్, వీటి మధ్య అసలు కోచ్ అవసరమా? అవసరమైతే మంచివాళ్లని ఎలా పట్టుకోవాలి?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం: ముందు ఆ ఫోన్ల సంగతి తేల్చేద్దాం. "నాకు ఆసక్తి లేదు, ఇక ఫోన్ చేయకండి" అని ఒక మెసేజ్ పెట్టి నంబర్ బ్లాక్ చేసేయండి. మీ జీతం పెంచేది మీ కంపెనీ, లేదంటే రేపు మిమ్మల్ని తీసుకునే ఇంకో కంపెనీ. వాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయానికి మధ్యలో ఉన్న మనిషి గ్యారంటీ ఎలా ఇస్తాడు? ఇలాంటి గ్యారంటీల వెనక సాధారణంగా షరతులు ఉంటాయి. ఒక్క క్లాసు మానకూడదు, వారానికి ఇన్ని ఉద్యోగాలకు అప్లై చేయాలి, మొదట వచ్చిన ఆఫర్‌ని కాదనకూడదు. పిల్లల పరీక్షలు, రిలీజ్ వారాలు ఉన్న మనిషి ఇవన్నీ పాటించడం అయ్యే పని కాదు. ఒకటి తప్పిందంటే గ్యారంటీ ఎగిరిపోతుంది, డబ్బు మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది.

నో కాస్ట్ ఈఎంఐ అన్నది కూడా మామూలుగా మీ పేరున తీసుకునే అప్పే. ఫైనాన్స్ సంస్థ కోచ్‌కి మొత్తం ముందే ఇచ్చేస్తుంది, మీరు నెలనెలా ఆ సంస్థకి కడతారు. రెండో నెలలో క్లాసులు నచ్చక మానేసినా కంతులు ఆగవు, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఇది చదువుతున్న వాళ్లలో ఇప్పటికే అలా యాప్‌లో సంతకం పెట్టినవాళ్లు ఉంటే వెంటనే లోన్ పేపర్లు తీసి చూడండి. రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ పీరియడ్ అని ఒకటి ఉండాలి. ఆ గడువు దాటకముందే అసలూ, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడవచ్చు. గడువు చాలా చిన్నది కాబట్టి, ఆలోచిద్దాంలే అనుకుంటే దాటిపోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోస్టు రెండుసార్లు పోయిందని రాశారు కానీ, ఎందుకు పోయిందో ఎక్కడా లేదు. మీకు తెలియదు కాబట్టే రాయలేదని అనుకుంటున్నాను. మీ మేనేజర్‌ని అడిగారా? చాలామంది అడగరు. అడిగితే బాగుండదేమో, దేబిరించినట్టు ఉంటుందేమో, ఆయనకే తెలియాలి కదా అనుకుంటారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మేనేజర్ ఎందుకు పెడతాడు?

అప్రైజల్ మీటింగ్‌లో, అంటే ఏడాది పనితీరుకి రేటింగ్ ఇచ్చే మీటింగ్‌లో, అడగకండి. అప్పుడు ఆయన రేటింగ్‌ని సమర్థించుకునే పనిలో ఉంటారు. మామూలు వారంలో ఓ అరగంట విడిగా అడిగి తీసుకోండి. చాలా కంపెనీల్లో ప్రమోషన్లు మీ మేనేజర్ ఒక్కరే తేల్చరు. నలుగురైదుగురు మేనేజర్లు కూర్చుని పేర్లు ఒక్కొక్కటే చర్చకు పెడతారు. అక్కడ మీ తరఫున మాట్లాడాల్సింది ఆయనే. అందుకే ప్రశ్న ఇలా అడగండి: "వచ్చేసారి ఆ చర్చలో నా పేరు వచ్చినప్పుడు మీరు నా గురించి ఏం చెప్పగలిగితే మిగతావాళ్లు ఒప్పుకుంటారు? ఇప్పుడు ఆ మాట చెప్పడానికి మీకు ఏం అడ్డు వస్తోంది?" మొదట వచ్చే జవాబు "మీకు విజిబిలిటీ లేదు" అనో "స్ట్రాటెజిక్‌గా ఆలోచించాలి" అనో ఉంటుంది. దాంతో లేచి వచ్చేయకండి. "ఈ మూడు నెలల్లో నేను ఎక్కడ అలా ఉండి ఉంటే బాగుండేది, ఒక్క మీటింగ్ చెప్పండి" అనండి. అక్కడ ఆయన ఆగి ఆలోచిస్తారు. తర్వాత వచ్చే మాట రాసుకోండి. మీకు కావాల్సింది అదే.

ఇంకొకర్ని కూడా అడగమంటాను, కొంచెం కష్టంగా ఉంటుంది. మీ దగ్గర పని నేర్చుకున్న ఆ అబ్బాయిని. మనసు ఒప్పదని తెలుసు. కానీ ఇప్పుడు ఆ గదిలో కూర్చునేది అతనే, అక్కడ ఏ మాటలకు విలువ ఉందో అతనికి తెలుసు. మీ మీద గౌరవం కూడా ఉండే ఉంటుంది. "నువ్వు ఏం చేశావో నాకు చెప్పు తమ్ముడూ" అంటే దాచుకోడు.

ఈ రెండు మాటలూ అయ్యాకే కోచ్ సంగతి. ఎందుకంటే జవాబుని బట్టి మీకు కావాల్సిన మనిషి మారతాడు. "మీ టీమ్‌లో పోస్టే లేదు" అని తేలితే ఏ కోచ్ దాన్ని పుట్టించలేడు. వేరే టీమో వేరే కంపెనీయో చూసుకోవాలి. "ఆటోమేషన్ (టెస్టులు ప్రోగ్రామ్‌తో నడిపించడం) బలంగా రావాలి" అంటే మీకు కావాల్సింది ట్రైనర్. అమీర్‌పేటలోనో ఆన్‌లైన్‌లోనో లక్షలో పదో వంతుకి నేర్పేవాళ్లున్నారు. కెరీర్ కోచ్ సిలబస్ చెప్పడు, చెప్పకూడదు కూడా. రాత్రిళ్లు నిద్ర పట్టక, ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడగా ఉంటే అది కోచ్ చూసే విషయం కాదు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. చాలా ఐటీ కంపెనీల్లో ఉద్యోగులకు ఉచితంగా కౌన్సెలింగ్ ఉంటుంది, హెచ్‌ఆర్ పోర్టల్‌లో వెతకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులేమీ లేవు.

అలా కాకుండా "మీటింగ్‌లో నోరు విప్పరు, అన్ని పనులూ మీరే నెత్తిన వేసుకుంటారు, మీరు చేసింది పైవాళ్లకు తెలియదు" అనే రకం జవాబు వస్తే, అప్పుడు కోచ్ మీద పెట్టే డబ్బు దండగ కాదు. ఎందుకంటే ఇవన్నీ మీకు ఎవరో ఇప్పటికే చెప్పి ఉంటారు. తెలిసీ చేయలేకపోవడమే మీ ఇబ్బంది, సలహా విని మార్చుకోగలిగేది అయితే ఎప్పుడో మార్చుకునేవారు. మీవారు అనే "పని రాదా" అన్న మాట నిజమే, పని మీకు వచ్చు. ఆయన చూడనిది తెలిసీ చేయలేకపోతున్న ఈ సంగతి.

కోచ్ ఏం చేస్తారో ఒక ఉదాహరణ చెబుతాను. నాకు తెలిసిన ఒకావిడ, ఆమె కూడా టీమ్ లీడే, ఏడాదిలో చేసిన పని గురించి తానే రాసుకున్న సెల్ఫ్ అప్రైజల్ పట్టుకుని కోచ్ దగ్గర కూర్చుంది. అందులో ఒక వాక్యం: "రిలీజ్‌లు సాఫీగా జరిగేలా టీమ్‌తో కలిసి సహకరించాను." కోచ్ అడిగింది, "ఇందులో మీరు చేసిందేంటి?" ఈవిడ, "అందరం కలిసే చేశామండీ." కోచ్, "మీరు ఆ వారం సెలవులో ఉంటే ఏం జరిగేది?" ఈవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. కస్టమర్ రీఫండ్ బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు వెళ్లిపోతోంది. శుక్రవారం రాత్రి ఆవిడే పట్టుకుంది. డెవలపర్ "అలా ఎవరు నొక్కుతారండీ" అంటే వాదించి రిలీజ్ ఆపించింది. "ఇది ఎక్కడ రాశారు?" అని కోచ్. ఎక్కడా రాయలేదు. "ఎందుకని?" "రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని."

కోచ్ ఆత్మవిశ్వాసం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. వచ్చే వారం రివ్యూలో ఈ సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పి రమ్మంది. తర్వాతి సెషన్‌లో మొదటి మాట, "చెప్పారా?" చెప్పలేదు. ఆ గంటంతా ఎందుకు చెప్పలేకపోయిందన్న దాని మీదే గడిచింది. ఏ నిమిషంలో చెబుదామనుకుంది, ఎవరి ముఖం చూసి ఆగిపోయింది, అక్కడ ఏమంటే సరిపోయేది. ఆ మరుసటి వారం చెప్పింది. కోచింగ్ అంటే ఇంతే, ఇంత నెమ్మదిగా ఉంటుంది. ఆరు నెలల్లో మీ జీవితం మారిపోతుందని అరిచేవాళ్లకి ఇంత ఓపిక ఉండదు.

మరి మంచివాళ్లని పట్టుకోవడం ఎలా? మన దేశంలో కోచ్‌గా పనిచేయడానికి లైసెన్స్ అంటూ ఏమీ లేదు. నిన్నటిదాకా ఇంకేదో చేసినవాళ్లు ఈరోజు బోర్డు పెట్టవచ్చు. ఉన్నవాటిలో కాస్త నమ్మదగింది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, ఐసీఎఫ్ అంటారు. 1995లో మొదలైంది. వీళ్లు మూడు స్థాయిల్లో గుర్తింపు ఇస్తారు. మొదటిది ఏసీసీ, దీనికి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం ఉండాలి. తర్వాతది పీసీసీ, 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. పై మెట్టు ఎంసీసీకి 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం అడుగుతారు. ప్రొఫైల్‌లో ఆ మూడక్షరాలు కనబడితే ఐసీఎఫ్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి సరిచూసుకోండి, అయిదు నిమిషాల పని. ఉత్త "సర్టిఫైడ్ కోచ్" అన్న మాటకు విలువ లేదు, వారాంతం కోర్సు చేసినా అది రాసుకోవచ్చు.

అయితే ఆ గుర్తింపు ఉన్నంత మాత్రాన మీ ఆఫీసు సంగతి వాళ్లకు తెలుస్తుందని కాదు. నా లెక్కలో మీకు సరిపోయేది ఎప్పుడో ఒకప్పుడు ఆ ప్రమోషన్ల గదిలో స్వయంగా కూర్చున్న మనిషి. పెద్ద కంపెనీల్లో డెలివరీ మేనేజర్‌గానో హెచ్‌ఆర్‌లోనో చేసి, తర్వాత కోచింగ్ నేర్చుకున్నవాళ్లు హైటెక్ సిటీ చుట్టుపక్కల తక్కువేమీ లేరు. పీసీసీ ఉండి కార్పొరేట్ తెలియని వాళ్లకంటే, ఏసీసీ ఉండి పదేళ్లు టీమ్‌లు నడిపినవాళ్లని నేనైతే ఎంచుకుంటాను. ఫాలోవర్ల సంఖ్య చూడకండి. యాభై వేల మంది ఉంటే వీడియోలు బాగా తీస్తారని అర్థం, అంతే.

బయట వెతికేముందు మీ హెచ్‌ఆర్‌ని అడగండి. కొన్ని కంపెనీల్లో లోపలే కోచ్‌లుంటారు, కొన్ని ఆన్‌లైన్ కోచింగ్ సంస్థలతో ఒప్పందం పెట్టుకుంటాయి. అడిగినవాళ్లకే ఇస్తాయి, ఊరంతా చాటవు. కంపెనీ డబ్బు కడితే ఒక్క సంగతి ముందే కాగితం మీద తేల్చుకోవాలి: సెషన్‌లో మాట్లాడింది మీ మేనేజర్‌కి ఎంతవరకు వెళ్తుంది? ఎన్ని సెషన్లకు వచ్చారు, ఏ లక్ష్యం పెట్టుకున్నారు, ఇంతవరకే వెళ్లాలి. ఆ మాట కోచ్ తడుముకోకుండా చెప్పకపోతే అక్కడ నోరు విప్పకండి.

ఇద్దరు ముగ్గురితో పరిచయం కాల్ పెట్టుకోండి, ఇరవై నిమిషాలో అరగంటో చాలామంది ఉచితంగానే మాట్లాడతారు. ఆ కాల్‌లో ఎవరు ఎక్కువసేపు మాట్లాడారో గమనించండి. అరగంటలో ఇరవై నిమిషాలు తన విజయగాథలే చెప్పుకుంటే, డబ్బు కట్టాక కూడా అదే వింటారు. మీరు అడగాల్సినవి: నాలాంటివాళ్లతో పనిచేశారా? ఎవరి విషయంలో కోచింగ్ పనిచేయలేదు, ఎందుకని? నాకు మీ అవసరం లేదని ఎప్పుడు చెబుతారు? మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు సంగతేంటి? రెండో ప్రశ్నకు "అందరికీ పనిచేసింది" అంటే ఫోన్ పెట్టేయండి. పాత క్లయింట్‌తో మాట్లాడవచ్చా అని కూడా అడగండి. "వాళ్లని అడిగి చెబుతాను" అనడమే సరైన జవాబు. అక్కడికక్కడే పేర్లూ ఫోన్ నంబర్లూ ఇచ్చేసేవాళ్లు రేపు మీ పేరు కూడా అలాగే ఇస్తారు.

భాష సంగతి కూడా చూసుకోండి. కోపం, అవమానం, ఆ అబ్బాయికి పోస్టు వచ్చినరోజు పడ్డ బాధ, ఇవి మీకు తెలుగులోనే బయటకు వస్తాయి. కోచ్‌కి తెలుగు వస్తే రెండు సెషన్లలో అయ్యేది ఒక్కదాంట్లో అవుతుంది. కానీ రివ్యూలో చెప్పాల్సిన వాక్యాలు మాత్రం ఇంగ్లీషులోనే, గట్టిగా పైకి అని, ప్రాక్టీస్ చేయండి. మీటింగ్ జరిగేది ఇంగ్లీషులో కదా.

ఫీజులకు అడ్డూ అదుపూ లేదు. గంటకి రెండు మూడు వేలు తీసుకునేవాళ్లున్నారు, ఇరవై వేలు దాటేవాళ్లూ ఉన్నారు. రేటు ఎక్కువైతే మంచి కోచ్ అని అనుకోకండి. మొదట మూడు సెషన్లకే కట్టండి, ప్యాకేజీ వద్దు. బిల్లు తీసుకోండి. కోచ్‌కి ఏడాదికి 20 లక్షల పైన ఆదాయం ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అప్పుడు ఫీజు మీద 18 శాతం పడుతుంది. చెప్పిన ఫీజులో అది కలిసి ఉందో లేదో ముందే అడగండి. సేవ ఇవ్వకుండా డబ్బు ఎగ్గొడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు కూడా వర్తిస్తుంది. అందుకే వాట్సాప్‌లో వాళ్లు పెట్టిన హామీలు డిలీట్ చేయకండి. "బ్యాక్‌డోర్‌లో ఇప్పిస్తాం", "ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం" అనేవాళ్లు కోచ్‌లు కారు. అలా పెట్టిన దొంగ అనుభవం కంపెనీ చేసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే పదమూడేళ్ల కష్టం ఒక్క మెయిల్‌తో పోతుంది. నౌక్రీ, లింక్డ్‌ఇన్ పాస్‌వర్డ్‌లు అడిగినా ఇవ్వకండి.

మొదలుపెట్టాక ఎలా నడవాలన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. రెండు వారాలకొకటి చొప్పున ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చాలు, మూడు నాలుగు నెలలు పడుతుంది. మీ అప్రైజల్ ఏప్రిల్‌లో అయితే నవంబర్‌లో మొదలుపెట్టండి. మార్చిలో మొదలుపెడితే అప్పటికే మీ పేరు మీద నిర్ణయం అయిపోయి ఉంటుంది. ప్రతిసారీ ఒకే ఒక్క సంఘటన పట్టుకెళ్లండి: ఏ మీటింగ్, ఎవరు ఏమన్నారు, మీరు ఏమనలేదు. "నా కెరీర్ గురించి మాట్లాడాలి" అని వెళ్తే గంట కబుర్లలో గడిచిపోతుంది. సెషన్ అయిన రోజే ఒక పేజీ రాసుకోండి. చేస్తానన్న పని చేయకపోతే దాచకుండా చెప్పండి, అక్కడే అసలు సరుకు ఉంటుంది. క్లయింట్ పేర్లు, స్క్రీన్‌షాట్లు, ప్రాజెక్ట్ వివరాలు మాత్రం కోచ్‌కి చూపించకండి. కంపెనీతో సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం మీ మెడకు చుట్టుకుంటుంది.

ఎక్కడ కూర్చుంటారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఆఫీసు అద్దాల గదిలో వద్దు, దారిన పోయేవాళ్లంతా మీ ముఖం చూస్తారు. నిజాంపేట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వెళ్తూ కారులో అసలే వద్దు. కొండాపూర్‌లో ఏ కాఫీ షాపుకి వెళ్లినా పక్క టేబుల్‌లో మీ కంపెనీ వాళ్లే ఉంటారు. శనివారం ఉదయం ఇంట్లో గది తలుపేసుకోండి. ఆ గంట పిల్లల్ని బయటకి తీసుకెళ్లే పని మీవారికి అప్పగించండి. డబ్బు గురించి ఆయన్ని ఒప్పించాలంటే లక్ష అనకండి, మూడు సెషన్ల మొత్తం చెప్పి, ఆ తర్వాత ఏమైనా మారిందో లేదో ఆయన్నే చూడమనండి.

మూడో సెషన్ అయ్యాక ఒకసారి లెక్క చూసుకోండి. ఆఫీసులో నేను వేరేగా చేస్తున్న పని ఒక్కటైనా ఉందా? కోచింగ్ సంగతి తెలియని సహోద్యోగి ఎవరైనా ఏదైనా గమనించారా? రెండింటికీ లేదనే జవాబు వస్తే కోచ్‌తో ఆ మాటే అనండి. మంచి కోచ్ నొచ్చుకోరు, పద్ధతి మారుస్తారు లేదా ఇంకొకరి దగ్గరికి పంపుతారు. "ఇంకో పది సెషన్ల ప్యాకేజీ తీసుకుంటే ఫలితం కనిపిస్తుంది" అంటే అక్కడితో ఆపేయండి.

ఇక, మీ మేనేజర్ రెండుసార్లు అడిగినా తేల్చి చెప్పకుండా దాటేశారనుకోండి, అది కూడా జవాబే. అప్పుడు ప్రమోషన్ కోసం కాదు, వేరే కంపెనీలో మేనేజర్ స్థాయి ఇంటర్వ్యూల కోసం సిద్ధం కావాలి. దానికి నెలల తరబడి కోచింగ్ అక్కర్లేదు. ఇంటర్వ్యూలు చేసే అలవాటున్న మనిషితో రెండు మాక్ ఇంటర్వ్యూలు, రెజ్యూమేలో ఆ రీఫండ్ లాంటి సంఘటనలు మీవి మూడు నాలుగు. మీ పాత కంపెనీలో మేనేజర్లయినవాళ్లని కదిపితే వాటికి డబ్బు కూడా అడగరు. నోటీసు పీరియడ్ తొంభై రోజులు ఉంటే మాత్రం ఆ లెక్క ముందే వేసుకుని బయట మాట్లాడటం మొదలుపెట్టండి.